యువరాణి చెయ్యి

ఆ పాత నగరంలో కోట చూపించే గైడ్లు నలభై మంది దాకా ఉన్నారు. వాళ్ళలో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఎవడయ్యా అని అడిగితే నలభై మందీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, బస్సు దిగి, ఎండలో చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కిన జనానికి ‘ఇది గోడ, ఇది ద్వారం, అది కూలిపోయిన మేడ’ అని చెబితే ఊరుకుంటారా? ఆ గోడ మీదనుంచి ఎవరో ఒకరు దూకాలి. ఆ ద్వారం దగ్గర ఎవరో ఒకరు ఎదురుచూడాలి. దూకినవాళ్ళెవరో పుస్తకాల్లో దొరక్కపోతే గైడే పుట్టించుకోవాలి.

ఆ గైడ్లందరిలోకీ పెద్దవాడు ఎర్రగొడుగాయన. ముప్పై నాలుగేళ్ళుగా అదే కోట, అవే మెట్లు. వెంట వచ్చినవాళ్ళు తప్పిపోకుండా ఎర్ర గొడుగొకటి తలపైకి ఎత్తి పట్టుకుని నడుస్తాడు కాబట్టి ఆ పేరొచ్చింది. అసలు పేరు మెడలో వేలాడే గైడు కార్డు మీద తప్ప ఎవరి నోటా లేదు.

పొద్దున కోట, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బజారు. ఇదీ ఆయన రోజు. ఏ హోటల్లో సూపు నీళ్ళలా ఉండదో, ఏ కొట్లో రొట్టె నిన్నటిది కాదో, ఏ దుకాణంలో దుప్పటి రెండు ఉతుకులకి రంగు వదలదో ఆయనకి కొట్టినపిండి. బేరం ఆడేటప్పుడు ఎక్కడ మొహం ముడుచుకోవాలో, ఎక్కడ ‘సరే పదండి’ అని రెండడుగులు వేసి ఆగాలో కూడా దగ్గరుండి నేర్పేవాడు. కొట్లవాళ్ళు ఆయన్ని చూసి పళ్ళు నూరేవారు. మళ్ళీ వాళ్ళే కూర్చోబెట్టి టీ ఇచ్చేవారు.

అటువంటి మనిషి నోట పుట్టి, తక్కిన గైడ్ల నోళ్ళలో పడి, చివరికి బస్టాండులో అమ్మే అచ్చు పుస్తకాల్లోకి కూడా ఎక్కిన కథ ఒకటుంది. కోట రెండో ద్వారం దాటగానే ఎడమచేతి గోడకి, మనిషి నడుమెత్తున, సున్నపు పూతలో ఒక చిన్న అరచెయ్యి దిగిన గుర్తు. ఎప్పుడో ఆ గోడ కడుతున్నప్పుడు రాజుగారి కూతురు, ఏడేళ్ళ పిల్ల, దాదుల కళ్ళుగప్పి మేడ దిగి వచ్చి పచ్చి సున్నంలో చెయ్యి పెట్టేసిందట. రాజు మేస్త్రీ మీద మండిపడితే, ‘పెట్టింది నేను, ఆయన్నేమీ అనకండి’ అందట. రాజు మెత్తబడి, ఈ చెయ్యి ఎవరూ చెరపకూడదని ఆజ్ఞ వేశాడట. ఆ పిల్ల పెరిగి, పెళ్ళాడి, సముద్రం అవతలి రాజ్యానికి రాణి అయి, మనవలనీ మునిమనవలనీ ఎత్తుకుని తొంభై ఏళ్ళు బతికిందట. ఆ గుర్తులో చెయ్యి పెట్టి ఏం కోరుకున్నా తీరుతుందట.

అందులో సున్నం ఒక్కటే నిజం. ఆ చెయ్యి యువరాణిది కాదు, ఎర్రగొడుగాయన కూతురిది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఆయనకి ఉన్నది ఆ ఒక్క పిల్లే, ఏడేళ్ళది. బడి సెలవులిచ్చారంటే ఇంట్లో కాలు నిలిచేది కాదు, నాన్నతో కోటకి రావాల్సిందే. వచ్చి ఊరుకుంటుందా? నాన్న చెప్పే కథలన్నీ కంఠతా పట్టి, ఆయన ఎక్కడైనా ఒక ముక్క మింగితే ‘నాన్నా, ఏనుగు సంగతి మర్చిపోయావు’ అని అందరి ముందూ పరువు తీసేది. యాత్రికులు విరగబడి నవ్వేవారు. ఆయన పైకి కళ్ళెర్రజేసేవాడు గానీ లోపల మురిసిపోయేవాడు.

ఆ వేసవిలో రెండో ద్వారం దగ్గర గోడకి మరమ్మతు జరుగుతోంది. మేస్త్రీ అప్పుడే పూత పూసి, చేతులు కడుక్కోవడానికి పక్కకెళ్ళాడు. వచ్చి చూసేసరికి నున్నటి గోడలో అరచెయ్యి! కొంప మునిగినట్టు అరిచాడు. పై అధికారి చూస్తే గైడు కార్డు ఊడబీకుతాడన్న భయంతో ఎర్రగొడుగాయన పరుగున వచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుని, సున్నం అంటిన ఆ చేతి మీదే ఒక్కటి వేశాడు. పిల్ల ఏడవలేదు. పెదవి బిగించి, చెయ్యి వెనక్కి దాచుకుంది. అది చూసి మేస్త్రీకే మనసు కరిగిపోయింది. ‘పోనివ్వండి సార్, చిన్న చెయ్యి, ఎవరికి కనబడుతుంది’ అని తాపీ పక్కన పెట్టేశాడు.

ఎంత ముచ్చటగా దిగిందనుకున్నారు! అరచేతిలో గీతలు కూడా కనబడేవి. చిటికెన వేలు కొన దగ్గర కాస్త బయటికి వంగి ఉండేది. అది వాళ్ళమ్మ పోలిక. తల్లికీ అదే చేతికి అలాగే వంకర.

వానలు మొదలైన వారంలో పిల్లకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నారు. రెండో రోజు తగ్గినట్టే తగ్గింది, లేచి కూర్చుని పాలు కూడా తాగింది. మూడో రోజు మధ్యాహ్నానికి లేదు. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, చెప్పినా ఆ తల్లిదండ్రులకి తప్ప తెలిసేది కాదు.

అప్పట్లో వాళ్ళింట్లో ఫోటో తీయించుకునే తాహతు లేదు. బట్టలు చూస్తే భరించలేక తల్లి ఎవరికో ఇచ్చేసింది. పలకా, చెప్పులూ అన్నీ పోయాయి. లోకంలో ఆ పిల్ల ఉన్నదనడానికి మిగిలింది ఆ గోడ మీది చెయ్యి ఒక్కటే.

చలికాలంలో కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇంజినీరొకడు గోడలు తనిఖీ చేస్తూ అక్కడ ఆగాడు. ‘ఇదేమిటి? ఎవడి వెధవ పని? రేపే పూత వేయించండి’ అన్నాడు. అప్పుడు ఎర్రగొడుగాయన పది మందిని వెంటేసుకుని ఆ పక్కనే ఉన్నాడు. ‘అయ్యా, అది పాతది. యువరాణి చెయ్యి’ అనేశాడు.

‘యువరాణా? ఎక్కడా రాసి లేదే!’

‘రాయనివి కూడా జరుగుతాయి కదా సార్.’

పది మందీ ఏ యువరాణి, ఏమా కథ అని చుట్టూ మూగారు. ఇక చెప్పక తప్పింది కాదు. అక్కడికక్కడే, నోటికొచ్చినట్టు, రాజునీ మేస్త్రీనీ దాదుల్నీ అల్లుకుంటూ పోయాడు. పిల్ల చివరికి ఏమైంది అని ఎవరో అడిగారు. ఏమైందని చెప్పగలడు? తొంభై ఏళ్ళు బతికిందన్నాడు. ఆ గుంపులో ఒక ముసలావిడ ఆ గుర్తు మీదికి వంగి, ‘ముట్టుకోవచ్చా నాయనా?’ అంది. తన పిల్ల చెయ్యి ఎవరైనా ఆప్యాయంగా పట్టుకుంటే బాగుండుననిపించింది ఆయనకి. ‘ముట్టుకోండమ్మా, కోరుకున్నది జరుగుతుంది’ అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో, దాంతో ఏం మీదికి తెచ్చుకుంటున్నాడో అప్పుడు తెలియలేదు.

ఇంజినీరు పూత మాట మానేశాడు. ఎర్రగొడుగాయన గండం గట్టెక్కిందనుకున్నాడు.

భార్య మాత్రం ఆ గోడ దగ్గరికి రాలేదు. ‘నన్ను పిలవకండి, నా వల్ల కాదు’ అంది. లాడ్జీలకి దిండు గలీబులు కుట్టడం ఆమె పని. పొద్దస్తమానం మిషను ముందు కూర్చుని, ఊరికి వచ్చినవాళ్ళ తలల కింద పెట్టుకునేవి కుడుతూ ఉంటుంది. ఆయన ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి ఒకే ఒక్క మాట అడిగేది: ‘ఉందా?’

‘ఉంది’ అనేవాడు.

అంతే. ఆ తరవాత కూర సంగతో, అద్దె సంగతో మాట్లాడుకునేవారు. ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న అడగని సాయంత్రం లేదు. కీళ్ళవాతంతో మంచం దిగలేని రోజుల్లో కూడా లోపలినుంచి కేకేసి అడిగేది.

కథ చెప్పడం ఒకరి చేతిలో ఉంటుంది గానీ, ఆపడం ఎవరి చేతిలోనూ ఉండదు. రెండేళ్ళు తిరిగేసరికి గైడ్లందరూ అదే చెప్పసాగారు. బస్సు కంపెనీలు కాగితాల మీద ‘యువరాణి చెయ్యి, పది నిమిషాలు’ అని వేశాయి. పరీక్షలు రాసేవాళ్ళూ, పెళ్ళి కుదరనివాళ్ళూ, పిల్లలు లేనివాళ్ళూ బారులు తీరారు. ఒక్కొక్కళ్ళూ చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, కోరిక గట్టిగా తగలాలని కాబోలు, నొక్కి మరీ రుద్దేవారు. సున్నం పూత ఎన్నాళ్ళు ఆగుతుంది? ముందు గీతలు పోయాయి. ఆరో ఏడు వేళ్ళ మధ్య గట్లు పోయాయి. పదో ఏట ఒక రోజు ఎర్రగొడుగాయన గొడుగు పక్కన పెట్టి దగ్గరగా చూస్తే చిటికెన వేలి వంకర లేదు. ఆ రోజు సాయంత్రం కూడా ‘ఉందా?’ అంటే ‘ఉంది’ అన్నాడు.

ఆపాలని చూడకపోలేదు. తన గుంపుతో ఒకసారి ‘చేతులు పెట్టకండి, చూస్తే చాలు’ అన్నాడు. వాళ్ళు తిన్నగా వెళ్ళి కంపెనీలో ఫిర్యాదు చేశారు, అందరి చేతా పెట్టించి మా చేత పెట్టించలేదని. కథే మానేసి ఆ గోడ దాటించి తీసుకుపోతే, వాళ్ళే పుస్తకం తీసి ‘ఇదేదో వదిలేశారే’ అని వెనక్కి లాక్కొచ్చారు. పోనీ అసలు సంగతి బయటపెడదామా అంటే, మర్నాడే ఆఫీసువాళ్ళు పూత వేసేస్తారు. ఏ వైపు తిరిగినా దారి లేకుండా తన నోటితో తనే కట్టేసుకున్నాడు.

ఈ మధ్యలో ఇంకో తద్దినం. కుర్ర గైడ్లు కథకి మసాలా దట్టించి, యువరాణిని శత్రువుల చేతిలో చంపేయడం మొదలుపెట్టారు. చస్తేనే జనం కళ్ళు తుడుచుకుంటారట. తారీకులు తప్పు చెప్పినా, రాజుల్ని తారుమారు చేసినా పెదవి విప్పని ఎర్రగొడుగాయన దీనికి మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. మెట్ల మీద ఒకణ్ణి కాలరు పట్టుకుని, ‘ఎందుకురా దాన్ని చంపుతావు? నీకేం అడ్డొచ్చింది? బతకనివ్వు!’ అని కేకలేశాడు. పెద్దాయనకి మతి చలించిందనుకున్నారు. అయినా అప్పట్నుంచి ఆయన కనబడితే చాలు, ఎవడైనా సరే, కథ మధ్యలో మార్చేసి యువరాణిని తొంభై ఏళ్ళూ బతికించేవాడు.

ఇలా ఉండగా పోయిన నెలలో ఆఫీసువాళ్ళు బోర్డు పెట్టారు. అపురూపమైన ఆ ముద్ర జనం తాకిడికి పాడవుతోంది కాబట్టి సోమవారం నుంచి దానికి అద్దం బిగించి, ముందు ఇనప కంచె వేస్తారట. గలీబులు తీసుకెళ్ళడానికి వచ్చిన లాడ్జీ మేనేజరు నోటివెంట ఈ కబురు ఇంట్లో పడింది.

ఆ సాయంత్రం ఆమె ‘ఉందా?’ అని అడగలేదు.

‘అద్దం పెడుతున్నారటగా’ అంది.

‘ఊఁ.’

‘అయితే ఆదివారం నన్ను తీసుకెళ్ళండి. ఒక్కసారి చెయ్యి వేస్తాను. ఇక మళ్ళీ వేయడానికి ఉండదు కదా.’

‘మెట్లు చాలా ఉన్నాయే. నీ మోకాళ్ళతో ఎక్కలేవు.’

‘కూర్చుంటూ ఎక్కుతాను.’

‘ఆదివారం ఇసకేస్తే రాలనంత జనం.’

‘మీరు గైడు కదండీ. జనం రాకముందు తీసుకెళ్ళలేరా?’

అప్పుడే చెప్పేయాల్సింది. ముప్పై నాలుగేళ్ళు ఊరందరికీ కథలు చెప్పినవాడికి సొంత భార్యకి ఒక్క నిజం చెప్పడానికి నోరు పెగల్లేదు. ఎందుకు పెగులుతుంది? అక్కడ ఏమీ మిగల్లేదని చెప్పాలి, అలా చేసింది నేనేనని చెప్పాలి. తన పిల్లని రెండోసారి ఎవరో పట్టుకుపోయారన్నట్టు చూస్తుంది ఆవిడ. ఆ చూపు ఆయన తట్టుకోలేడు.

మర్నాడు గుంపుని కోట తిప్పి, భోజనం పెట్టించి, బజారుకి తోలుకొచ్చాక ఆయనకి ఒక ఆలోచన తట్టింది. బజారు మొదట్లోనే బొమ్మల కొట్టుంది. అందులో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేవి మట్టితో చేసి కాల్చిన యువరాణి చేతులు. గోడకి తగిలించుకునేవి, కాగితాల మీద బరువుకి పెట్టుకునేవి, తాళాల గుత్తికి వేలాడేవి. కొట్టాయన తొలి అచ్చు తీసింది ఇరవై ఏళ్ళ కిందట. అంటే గీతలు ఇంకా చెరగని రోజుల్లో! ఇన్నాళ్ళూ ఆ బొమ్మల వైపు చూడ్డానికే ఆయనకి కంపరం, కూతురి చెయ్యి కుప్పపోసి అమ్ముతున్నారని. ఆ రోజు మాత్రం ఆశగా లోపలికెళ్ళాడు.

‘ఏం బావా, దారి తప్పావా?’ అన్నాడు కొట్టాయన. చుట్టరికం లేకపోయినా పాతికేళ్ళుగా అదే పిలుపు.

‘మొదట్లో తీసిన అచ్చు ఉందా నీ దగ్గర? దాంతో పోసిన చెయ్యి ఒక్కటి కావాలి. అచ్చం అలాగే.’

‘ఎవరైనా పెద్ద మనుషులకా?’

‘మీ చెల్లెలికి.’

కొట్టాయన అటక మీదనుంచి పాత సంచీ దింపి, దుమ్ము దులిపి, గుడ్డలో చుట్టిన అచ్చు బయటికి తీశాడు. ఎర్రగొడుగాయన దాన్ని రెండు చేతులా అందుకుని వెలుతురులోకి తీసుకెళ్ళాడు. అయిదు వేళ్ళూ ఉన్నాయి. గీతలు ఉన్నాయి. చిటికెన వేలు చూశాడు. తిన్నగా ఉంది.

‘ఇది గోడ మీదిది కాదే’ అన్నాడు.

కొట్టాయన నవ్వాడు. ‘నీ కళ్ళు పాడుగాను, ఇన్నేళ్ళలో ఎవరూ పట్టుకోలేదు బావా! గోడ మీదిదే తీశాను ముందు. కానీ ఆ చెయ్యి అంత బాగాలేదు, చిటికెన వేలు వంకర. రాజుల పిల్లకి వంకర వేలేమిటని ఎవరైనా పేచీ పెడతారేమోనని దాన్ని పగలగొట్టి, మా మనవరాలి చెయ్యి అచ్చు తీశాను. అది ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి.’

ఎర్రగొడుగాయన అచ్చు బల్ల మీద పెట్టేశాడు. బయట గుంపులో ఒకావిడ దుప్పటి రంగు పోతుందా అని అడుగుతోంది. పోదు, పోదు అని మూడుసార్లు చెప్పాడు.

ఆదివారం తలుపులు తీసే వేళకి ముందే కాపలావాడిని బతిమాలుకుని ఇద్దరూ లోపలికెళ్ళారు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. చేతిసంచీలో నీళ్ళ సీసా, మెత్తని గుడ్డ పెట్టుకుంది. ఎందుకంటే, ‘ఎంతమంది చేతులు పెట్టి ఉంటారో, మురికి పట్టి ఉంటుంది. కడుగుతాను’ అంది. పది మెట్లకొకసారి కూర్చుంటూ, మోకాళ్ళు నొక్కుకుంటూ ఎక్కింది. ఎన్నో ఏళ్ళకి ఆమె మాట్లాడుతూనే ఉంది. ఏనుగు ఎక్కడ కట్టేవారు, పిల్ల ఎక్కడ కూర్చుని తినేది, ఏ మెట్టు మీద పడి మోకాలు చీరుకుంది, అన్నీ అడిగింది. ఆయన చూపిస్తూ వచ్చాడు.

రెండో ద్వారం దగ్గర ఆగాడు. ‘నీకో మాట చెప్పాలి’ అన్నాడు.

‘ముందు చూడనివ్వండి. తరవాత చెప్దురుగాని.’

ద్వారం దాటింది. ఎడమవైపు గోడకి ఎదురుగా నిలబడింది. పైకి చూసింది, కిందికి చూసింది, అటూ ఇటూ రెండడుగులు వేసింది. సరిగ్గా దాని ముందే నిలబడి, ‘ఏదండీ?’ అంది.

ఆయన వేలు చూపించాడు. అక్కడ జిడ్డుతో నల్లబడి, మెరుస్తూ, నున్నటి గుంట ఉంది.

ఆమె సీసా మూత తీసి గుడ్డ తడిపింది. పిల్ల బడినుంచి వస్తే చేతులు కడిగినట్టే, నెమ్మదిగా, అంచుల వెంట తుడిచింది. గుడ్డ నల్లబడింది. మళ్ళీ తడిపింది, మళ్ళీ తుడిచింది. మురికి వదిలిపోతే కింద ఉంటుందనుకుందేమో. చివరికి గుడ్డ వదిలేసి వేళ్ళతో వెతికింది. చిటికెన వేలు ఉండాల్సిన చోట చాలాసేపు వెతికింది.

‘వేళ్ళేవండీ?’

‘అరిగిపోయాయి.’

‘ఎప్పుడు?’

‘పన్నెండేళ్ళవుతోంది.’

‘రోజూ ఉందన్నారు.’

‘అన్నాను. నేనే పోగొట్టాను. పూత వేసేస్తారని భయపడి యువరాణిదని చెప్పాను. చెయ్యి పెట్టమన్నదీ నేనే. దాని చెయ్యి ఎవరైనా పట్టుకుంటే బాగుండుననిపించింది. ఊళ్ళవాళ్ళందరినీ నేనే పట్టుకొచ్చి ఇక్కడ నిలబెట్టాను.’ ఆయన కిందపడ్డ గుడ్డ తీసి పిండాడు. ‘అది పెట్టిన రోజున దాన్ని కొట్టాను కూడా. అదీ నీకు చెప్పలేదు.’

ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండేది. ఆమె తన అరచెయ్యి తెరిచి ఆ గుంటలో పెట్టింది. వంకర చిటికెన వేలితో సహా చెయ్యి అందులో ఇమిడిపోయింది.

‘నాకు సరిపోయిందండీ’ అంది. చెయ్యి తీయకుండానే, ‘ఉంటే ఇరవై తొమ్మిదేళ్ళు దానికి. ఇప్పుడు చెయ్యి ఇంతే ఉండేది. మన దగ్గర పెరగలేదు గానీ, ఇక్కడ పెరిగింది’ అంది.

ఆ మాటతో ఇరవై రెండేళ్ళ బరువు ఎవరో భుజం మీదనుంచి దింపినట్టయింది ఆయనకి. దానికి తను తగడని తెలుసు. తెలిసినా కళ్ళు తుడుచుకుని, ఆమె పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అలా ఎంతసేపున్నారో, కింద బస్సుల హారన్లు మొదలయ్యాయి.

మొదటి గుంపు మెట్లెక్కి వచ్చేసింది. రేపట్నుంచి అద్దం కదా, అందరికీ తొందరే. ముందు నడుస్తున్న కుర్ర గైడు, ‘అమ్మా, కాస్త జరుగుతారా, చాలామంది ఉన్నారు’ అని, పక్కనున్న పెద్దాయన్ని చూసి నాలుక్కరుచుకున్నాడు. ఆమె చెయ్యి తీసి పక్కకి జరిగింది. వాడు కథ ఎత్తుకుని, ఎర్రగొడుగాయన ముందు కాబట్టి బుద్ధిగా, యువరాణిని తొంభై ఏళ్ళు బతికించాడు. ఆమె ఆ కథ పూర్తిగా వినడం అదే మొదలు. మునిమనవల దగ్గరికి వచ్చేసరికి భర్త మొహం వైపు ఒకసారి చూసింది.

బారులో ముందు ఒక చిన్న పిల్ల ఉంది. వాళ్ళమ్మ భుజం తట్టి, ‘వెళ్ళు, పెట్టి కోరుకో’ అంది. పిల్ల వెళ్ళి చెయ్యి పెట్టింది. ఆ గుంటలో ఆ చెయ్యి ఎటూ ఆనలేదు. చుట్టూ ఖాళీయే.

‘అమ్మా, ఇది పెద్దవాళ్ళ చెయ్యి! యువరాణి అబద్ధం!’ అని పిల్ల నవ్వింది. అందరూ నవ్వారు.

భార్య ముందుకెళ్ళింది. ‘నీకు ఎన్నేళ్ళమ్మా?’ అని అడిగింది.

‘ఏడు.’

ఆమె ఆ పిల్ల చెయ్యి గోడ మీదనుంచి తీసి తన అరచేతిలో పరుచుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే సాపు చేసింది. తన చేతిలో సగానికి కూడా రాలేదు ఆ చెయ్యి. చాలాసేపు చూసింది. పిల్ల తల్లి ఏమిటీవిడ అన్నట్టు దగ్గరికి వచ్చి నిలబడింది.

‘ఏవండీ’ అంది ఆమె, తలెత్తకుండానే. ‘ఇంతే ఉండేదా?’

ఆయన అవునని తలూపాడు. ఆమె చూడలేదు.

‘ఇంత చిన్నదని మర్చిపోయానండీ. నా పిల్ల చెయ్యి నేనే మర్చిపోయాను.’

పిల్ల మెల్లిగా చెయ్యి లాక్కుని వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. కుర్ర గైడు తరవాతి వాళ్ళని రమ్మన్నాడు. ఆమె తెరిచిన అరచెయ్యి అలాగే పట్టుకుని మెట్ల మీద కూలబడి, పిల్ల పోయిన రోజున కూడా ఏడవనంతగా, అందరి ముందూ ఏడ్చింది.